చెదలు తిన్న స్కోర్‌షీటు, ఒక కింగ్స్ ఇండియన్ ఆట: ప్రాజెక్టు డైరీ

పని ఏంటి

డెబ్బైల చివర్లో ఒంగోలులో జరిగిన ఒక టోర్నమెంటులో మా మామ నల్లపావులతో ఆడి గెలిచిన ఆట ఎత్తులు రాసుకున్న కాగితం, అంటే స్కోర్‌షీటు ఇది. సింగరాయకొండలో వాళ్ళింట్లో అటక మీది ట్రంకు పెట్టెలో, పాత కరెంటు బిల్లుల కింద, ఇంకొన్ని షీట్లతో కలిసి ఉంది. అన్నిట్లోకీ ఎక్కువ దెబ్బతిన్నది ఇదే, అయినా ముందు దీన్నే పట్టుకున్నాను, ఎందుకంటే చెస్ మాట వచ్చినప్పుడల్లా మామ చెప్పే ఆట ఇదే, పైగా ఇది కింగ్స్ ఇండియన్, నాకు ప్రాణమైన ఓపెనింగ్, అంటే ఆట మొదలుపెట్టే పద్ధతి. షీటు మీద ఉన్నదంతా చదవాలి, లేనిది ఎంతవరకు తిరిగి కట్టగలమో చూడాలి, కావలిలో నా దగ్గర ఆదివారాలు నేర్చుకునే పిల్లలు ఫోన్లో తెరిచి ఆడించుకునేలా పీజీఎన్ ఫైలు, అంటే చెస్ ఆటని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా రాసే ఫైలు, తయారవ్వాలి. అదీ పని.

షీటుకి మూడు రకాల దెబ్బలు ఉన్నాయి. ఎడమ పక్క పైభాగం మిద్దె కారి తడిసింది, రాసింది ఫౌంటెన్ పెన్నుతో కాబట్టి నీలం ఇంకు కరిగి మరకైపోయింది. మధ్యలో చెదలు కాగితాన్నే తినేశాయి, అక్కడ 15, 16, 17 వరసలు మొత్తం లేవు. ఇక కింది వరసల్లో కాగితం బాగానే ఉంది, ఎత్తులే లేవు, వట్టి నిలువు గీతలు ఉన్నాయి. ఈ మూడింటికీ మూడు రకాల మందు కావాలి, ఒకదానికి పనికొచ్చేది ఇంకోదానికి పనికిరాదు.

పాత రాత

ఇప్పటి పిల్లలకి ముందు ఈ రాతే అర్థం కాదు. మనం ఇప్పుడు ఇ4, ఎఫ్6 అని రాస్తాం, నిలువు వరసలకి ఎ నుంచి హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరసలకి తెల్లవైపు నుంచి 1 నుంచి 8 దాకా అంకెలు, గడికి ఒకే పేరు, ఎవరు చూసినా అదే. మామ నేర్చుకున్న పాత ఇంగ్లీషు పద్ధతిలో ప్రతి నిలువు వరసకీ దాని మొదట్లో నిలబడే పావు పేరు, అంకెలేమో ఎవరి వైపు నుంచి వాళ్ళు లెక్కపెట్టుకుంటారు. తెల్ల రాజు ముందు బంటు రెండు గళ్ళు కదిలితే పీ-కే4, నల్ల రాజు ముందు బంటు రెండు గళ్ళు కదిలినా పీ-కే4 అనే రాస్తారు, గళ్ళు మాత్రం వేరు. పీ అంటే బంటు, కే అంటే రాజు, క్యూ అంటే మంత్రి, బీ అంటే బిషప్, గుర్రానికి కేటీ అని రాసేవాళ్ళు. 1981లో ఫిడే, అంటే అంతర్జాతీయ చెస్ సమాఖ్య, ఈ పద్ధతిని గుర్తించడం మానేసింది, ఇప్పుడు టోర్నమెంటులో ఆల్జీబ్రాయిక్ రాతే, అంటే ఇ4 లాంటి రాతే, రాయాలి. కానీ అంతకుముందు మన దగ్గర చేతికందిన పాత పుస్తకాల్లో ఎక్కువ భాగం ఈ రాతే, పాత షీట్లు ముట్టుకునేవాళ్ళు ఇది నేర్చుకోక తప్పదు. ఒకసారి చెయ్యి తిరిగితే నిజంగా అందంగా ఉంటుంది, ఎందుకంటే ఇద్దరి ఆలోచనా ఒకే భాషలో కనిపిస్తుంది. దీని గురించి 13వ ఎత్తు దగ్గర మళ్ళీ చెప్తాను.

తడిసిన భాగం

ఇంకు కరిగిన చోట కళ్ళతో చూస్తే ఏమీ తెలియడం లేదు. పసుపు పచ్చటి మరక, దాని మీద నీలం పొగలాగా ఏదో. షీటుని గాజు పలక కింద పెట్టి, కిటికీ పక్కన నీడలో ఫోన్‌తో ఫొటో తీసి, కంప్యూటర్లో జింప్ అనే ఫొటోలు దిద్దే ప్రోగ్రాంలో తెరిచి రంగుల్ని విడదీశాను. ఫొటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు పొరలు ఉంటాయి కదా, వాటిలో ఎరుపు పొర ఒక్కదాన్నే చూడాలి. నీలం ఇంకు ఎరుపు కాంతిని మింగేస్తుంది కాబట్టి ఆ పొరలో నల్లగా వస్తుంది. వాన మరక, కాగితం పసుపుదనం ఎరుపుని వెనక్కి పంపిస్తాయి, అవి దాదాపు తెల్లగా మాయమైపోతాయి. ఆ పొరని నలుపు తెలుపు చేసి కాంట్రాస్టు పెంచితే మామ చేతిరాత లేచి నిలబడింది. పాత ఉత్తరాలు, దస్తావేజులు చదవాలనుకునేవాళ్ళు కూడా ఇది చేసి చూడండి, డబ్బు ఖర్చేమీ లేదు.

మొదటి ఎనిమిది ఎత్తులు అలా తేలాయి. ఇప్పటి రాతలో చెప్తే తెల్ల డి4, నల్ల గుర్రం ఎఫ్6, సి4 జి6, గుర్రం సి3 బిషప్ జి7, ఇ4 డి6, గుర్రం ఎఫ్3 కాస్లింగ్ (రాజుని, ఏనుగుని ఒకేసారి జరపడం), బిషప్ ఇ2 ఇ5, కాస్లింగ్ గుర్రం సి6, డి5 గుర్రం ఇ7. కింగ్స్ ఇండియన్‌లో క్లాసికల్ లైను, మార్ డెల్ ప్లాటా అంటారు. అర్జెంటీనాలో ఉన్న ఆ ఊళ్ళో 1953లో నైడార్ఫ్ మీద గ్లిగోరిచ్ నల్లతో దీన్ని ఆడి గెలిచాడు, అదే ఏడాది జ్యూరిచ్‌లో టైమనోవ్ మీద నల్లతో నైడార్ఫ్ గెలిచాడు. ఆ తర్వాత ప్రపంచ ఛాంపియన్లు ఫిషర్, కాస్పరోవ్ దీన్ని ఆడి ఆడి దీనికి ఒక గౌరవం తెచ్చారు. 1997లో నొవ్‌గొరొద్‌లో క్రామ్నిక్ 9వ ఎత్తుగా బి4 తోసి కాస్పరోవ్‌ని ఓడించాక తెల్లవైపు ఆడేవాళ్ళు చాలామంది అటే వెళ్ళారు. కానీ మామ ఆడిన కాలానికి తెల్లవాడు గుర్రాన్ని ఇ1కి వెనక్కి లాగడమే మామూలు. ఈ షీటులోనూ 9వ ఎత్తు అదే.

9వ ఎత్తు, నల్ల

ఇక్కడ ఒక పూట పట్టింది. కేటీ అనే దాకా స్పష్టంగా ఉంది, తర్వాతది మరకలో పోయింది. నల్లకి రెండు దార్లు ఉన్నాయి, గుర్రం డి7కి వెళ్ళొచ్చు, ఇ8కి వెళ్ళొచ్చు. మామూలుగా తర్వాతి ఎత్తులు చూస్తే ముందుది తెలిసిపోవాలి, ఇక్కడ తెలియడం లేదు, ఎందుకంటే తర్వాత 10లో తెల్ల గుర్రం డి3కి, నల్ల ఎఫ్5, 11లో తెల్ల బిషప్ డి2కి, నల్ల గుర్రం మళ్ళీ ఎఫ్6కి. డి7లో ఉన్నా ఎఫ్6కి రావచ్చు, ఇ8లో ఉన్నా రావచ్చు. రెండూ పుస్తకాల్లో ఉన్న దార్లే, రెండూ ఒకే చోట కలుస్తాయి.

కాబట్టి తర్కం వదిలేసి మళ్ళీ కాగితం దగ్గరికే వెళ్ళాను. రాత్రి లైట్లు ఆపేసి టార్చిని కాగితానికి దాదాపు ఆనించి పక్క నుంచి వేస్తే, పెన్ను పాళీ నొక్కిన గాట్లు నీడలుగా కనిపిస్తాయి. పైన కొంచెం చదును చేసిన సున్నా, దానికి కుడి కింద చిన్న తోక. అది క్యూ. కే అయితే నిలువు గీత ఉండాలి, అక్కడ నిలువు గీత లేదు. పాత రాతలో డి7 అంటే క్యూ2, ఇ8 అంటే కే1, అంటే గుర్రం డి7. నాకు చాలా సంతోషమేసింది, ఎందుకంటే డి7లో ఉన్న గుర్రం సి5 గడి మీద కన్నేసి ఉంటుంది, తెల్ల బంటుని ముందుకు రానివ్వదు, అందుకే తెల్లవాడు గుర్రాన్ని డి3కి తెచ్చి సి5కి బలం కూడగట్టాడు. మామ చూసి ఆడాడు, ఊరికే వెనక్కి లాగలేదు.

13వ ఎత్తు

12లో తెల్ల ఎఫ్3, నల్ల ఎఫ్4. 13లో తెల్ల సి5, నల్ల జి5. షీటు మీద నల్ల 12వ ఎత్తు పీ-బీ5, దాని కింద వరసలో తెల్ల 13వ ఎత్తు కూడా పీ-బీ5. ఒకే అక్షరాలు. ఒకటి రాజు వైపు బిషప్ బంటు, ఇంకోటి మంత్రి వైపు బిషప్ బంటు, ఎవరి వైపు నుంచి వాళ్ళు ఐదో గడికి తోశారు. ఈ ఓపెనింగ్ మొత్తం ఆ రెండు ఎత్తుల్లో ఉంది. మధ్యలో డి5, ఇ4 తెల్ల బంట్లు, డి6, ఇ5 నల్ల బంట్లు ఒకదానికొకటి అడ్డం పడి బిగుసుకున్నాయి, మధ్యలో ఇక ఎవరూ కదల్లేరు, కాబట్టి తెల్లవాడు మంత్రి వైపు తవ్వుకుంటూ వెళ్తాడు, నల్లవాడు రాజు వైపు తవ్వుకుంటూ వెళ్తాడు, ఎవరు ముందు చేరితే వాళ్ళది ఆట. పిల్లలకి ఈ షీటు ఫొటో చూపించి ఆ రెండు వరసల మీద వేలు పెట్టమన్నాను. ఇప్పటి రాతలో సి5, ఎఫ్4 అంటే ఆ జంట కనిపించదు.

ఒక చిన్న పక్క మాట. ఇండియన్ అనే పేరు ఈ ఓపెనింగ్‌కి ఊరికే రాలేదు. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో కలకత్తాలో జాన్ కాక్రేన్ అనే స్కాటిష్ ఆటగాడితో మహేశ్‌చంద్ర బెనర్జీ ఆడిన ఆటలు మిగిలాయి, వాటిల్లో బిషప్‌ని జి7లో పెట్టే ఈ పద్ధతి కనిపిస్తుంది. మన పాత చదరంగంలో బంటు మొదటి ఎత్తులోనైనా ఒక్క గడే కదులుతుంది, అలా ఆడి పెరిగినవాడికి జి6, డి6 అని ఒక్కో గడి జరుపుకుంటూ వెనక నుంచి కట్టుకురావడం సహజం. మా ఊళ్ళల్లో అరుగుల మీద ఆడే పెద్దవాళ్ళలో ఇంకా ఆ ఒక్క గడి పద్ధతిలో ఆడేవాళ్ళని నేను చూశాను.

కన్నం

అసలు పని ఇది. 14లో తెల్ల ఏనుగు సి1కి, నల్ల గుర్రం జి6కి, ఇది స్పష్టంగా ఉంది. తర్వాత మూడు వరసలు చెదల పాలు. మళ్ళీ 18 నుంచి కనిపిస్తోంది, తెల్ల ఎ4 నల్ల హెచ్5, తెల్ల గుర్రం ఎఫ్2 నల్ల బిషప్ ఎఫ్8, హెచ్3 ఏనుగు జి7, మంత్రి డి1 గుర్రం హెచ్4, బిషప్ ఇ1 ఎ6, గుర్రం ఎ3 గుర్రం ఎఫ్6, గుర్రం సి4, ఇక నల్ల జి4. కాగితమే లేని చోట ఎరుపు పొర ఏం చేస్తుంది, టార్చి ఏం చేస్తుంది. తెల్లకి మూడు ఎత్తులు, నల్లకి మూడు, అవేంటో బోర్డు మీదే తేలాలి.

నల్లవి ముందు చూశాను. 19లో బిషప్ ఎఫ్8కి వెళ్ళింది. 14 అయ్యేసరికి ఎఫ్8లో ఏనుగు ఉంది, అంటే అది మధ్యలో జరగాలి. 20లో ఏనుగు జి7కి వచ్చింది, ఎఫ్7 నుంచి తప్ప అక్కడికి వచ్చే దారి లేదు. కాబట్టి కన్నంలో ఒకటి ఏనుగు ఎఫ్7, ఇందులో అనుమానం లేదు. రెండోది, 23లో ఒక గుర్రం ఎఫ్6కి వచ్చింది, 14లో ఆ గుర్రం అప్పటికే ఎఫ్6లో ఉంది, అంటే మధ్యలో వెళ్ళి తిరిగొచ్చింది. ఎటు వెళ్ళిందో కాసేపు పక్కన పెడదాం.

తెల్లవి చూస్తే, 21లో మంత్రి డి1కి వచ్చింది, మొదటి నుంచీ డి1లోనే ఉన్న మంత్రి, అంటే కన్నంలో ఎటో కదిలింది. 23లో ఒక గుర్రం ఎ3కి వచ్చింది, సి3లో ఉన్న గుర్రం ఒక్క గెంతులో ఎ3కి రాలేదు, దానికి ముందే నల్ల ఎ6 తోసింది, ఎ6 బంటు తరిమేది బి5లో ఉన్నదాన్నే. కాబట్టి గుర్రం బి5 కన్నంలో ఉంది. తెల్లకి ఇంకొకటి మిగిలింది, నల్లకీ ఒకటి మిగిలింది, ఆ రెండూ జతగా పడతాయి. సి5కి అంత కష్టపడి తోసిన బంటు డి6ని కొట్టింది, నల్ల సి7 బంటు తిరిగి కొట్టింది. దీనికోసమే కదా 13లో ఆ బంటు బయల్దేరింది.

ఇప్పుడు మంత్రి ఎక్కడికి, గుర్రం ఎక్కడికి అన్నది. నాకు అన్నిట్లోకీ బాగా నచ్చిన ముక్క ఇదే. సి గీత తెరుచుకున్నాక గొడవంతా సి7 గడి మీద. తెల్ల గుర్రం బి5 నుంచి, ఏనుగు సి1 నుంచి దాన్ని చూస్తున్నాయి. నల్లవైపు డి8 మంత్రి, ఎఫ్7 ఏనుగు అడ్డంగా ఏడో వరస మీద నుంచి కాస్తున్నాయి. రెండుకి రెండు, సరిపోయింది. మంత్రి సి2కి వస్తే మాత్రం తెల్లకి మూడు, నల్లకి రెండు, అప్పుడు నల్లకి మూడో కాపలా కావాలి, ఎఫ్6 గుర్రం ఇ8కి వెనక్కి వెళ్తేనే అది దొరుకుతుంది. డి7కి వెళ్తే సి7ని కాయదు, పైగా సి8 బిషప్ దారికి, ఎఫ్7 ఏనుగు చూపుకి రెండింటికీ అడ్డం. మంత్రి సి2 కాకుండా బి3కో మరో చోటికో వెళ్ళి ఉంటే నల్ల గుర్రం అంత వెనక్కి పోవాల్సిన పనే లేదు. ఆ రెండు ఎత్తులూ ఒకదాన్ని ఒకటి నిలబెడుతున్నాయి. తర్వాతది చూడండి, 21లో మంత్రి సి గీత వదిలి డి1కి పోగానే, 22లో నల్ల ఎ6 తోసి గుర్రాన్ని తరిమింది, సి7 మీద బరువు తగ్గింది, 23లోనే గుర్రం ఇ8 నుంచి ఎఫ్6కి, రాజు వైపు దాడికి పరిగెత్తుకొచ్చింది. ఈ ఎత్తులన్నీ ఆ గడి చుట్టూనే తిరిగాయి.

మా పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఇదే, ఓపెనింగ్ అంటే ఎత్తుల పట్టిక బట్టీ కొట్టడం కాదు. పట్టిక చిరిగిపోతే బట్టీ కొట్టినవాడి చేతిలో ఏమీ మిగలదు. బంట్లు ఎటు చూస్తున్నాయి, గొడవ ఏ గడి మీద అన్నది తెలిసినవాడు చిరిగిన చోట కూడా నడవగలడు.

వరస క్రమం

ఎత్తులు తేలాయి, క్రమం పూర్తిగా తేలలేదు. బంటు కొట్టి గుర్రం బి5కి వచ్చిందా, గుర్రం వచ్చాక బంటు కొట్టిందా? రెండూ ఆడే క్రమాలే, రెండూ 17 చివరికి ఒకే బోర్డుకి వస్తాయి. క్లాసులో ఒక పాప అడిగింది, గుర్రం ముందే వస్తే అప్పుడే ఎ6 తోసి తరిమేయొచ్చు కదా అని. మంచి ప్రశ్న. బోర్డు మీద పెట్టి చూపించాను, తెల్ల డి6ని కొడుతుంది, నల్ల ఆశపడి గుర్రాన్ని తీసుకుంటే తెల్ల బంటు సి7ని కూడా కొట్టి అక్కడే కూర్చుంటుంది, వెనక సి1 ఏనుగు కాపలా, ముందు డి8లో నల్ల మంత్రి. నల్లకి అంత హాయిగా ఉండదు.

మామకి ఫోన్ చేశాను.

"మామా, 17లో గుర్రాన్ని ఇ8కి తీసుకుపోయినావా?"

"ఇ8 అంటే నాకేం తెలుసబ్బయా, కింగ్ ఒకటి అను. ఆ, పోయినా. ఆయన క్వీన్‌ని బిషప్ గీత మీద పెడితే ఇంకేం జేస్తాం."

మంత్రి ఎత్తు గురించి నేనేమీ చెప్పకుండానే ఆ మాట ఆయన నోటి నుంచే వచ్చింది. క్రమం అడిగితే మాత్రం, "ఏది ముందైతే ఏంది, బోర్డు మీద అదే గదా" అన్నాడు.

కింది గీతలు

25, 26 వరసల్లో వరసగా పీ×పీ, పీ×పీ, పీ×పీ. జి4 మీద కొట్టుడు. ముందు ఎఫ్ బంటుతో కొట్టాడా హెచ్ బంటుతో కొట్టాడా అన్నది ఈ రాతలో తెలియదు, ఎలా కొట్టినా చివరికి మిగిలే బోర్డు ఒకటే కాబట్టి వదిలేశాను.

26లో తెల్ల కొట్టాక ఇక రాత లేదు. అక్కడి నుంచి నిలువు గీతలు, 38 దాకా. ఇద్దరికీ టైమ్ అయిపోతుంటే ఎత్తులు రాసే తీరిక ఉండదు, టైమ్‌లోపు ఆడాల్సిన నలభై ఎత్తులు దాటామా లేదా అని లెక్కకి మాత్రం గీత పెట్టుకుంటూ పోతారు. అప్పటివి ముల్లు గడియారాలు, పన్నెండు దగ్గర చిన్న ఎర్ర జెండా, నిమిషాల ముల్లు దాన్ని పైకెత్తి పట్టుకుని వచ్చి సరిగ్గా గంట కొట్టేటప్పుడు వదిలేస్తుంది. తెల్లవాడి జెండా పడిపోయింది, అంటే టైమ్ అయిపోయి ఓడినట్టు. షీటు అడుగున మామ ఒక్క మాట రాసుకున్నాడు, టైమ్ అని, దాని కింద సంతకం. ఇప్పుడు ప్రతి ఎత్తుకీ ముప్పై సెకన్లు కలిసే ఆటల్లో చివరి దాకా రాయాల్సిందే, టెన్షన్‌లో ఉన్నాం అంటే ఆర్బిటర్, అంటే పోటీ నిర్ణేత, ఒప్పుకోడు. ఆ నియమం వచ్చినందుకు నాకు మనస్ఫూర్తిగా సంతోషం, ఎన్ని మంచి ఆటల చివరలు ఇలా గీతల కింద పోయాయో.

ఆ పన్నెండు ఎత్తులు కట్టడానికి నేను పూనుకోలేదు. రెండు వైపులా గట్టు ఉంటే మధ్యలో వంతెన వేయొచ్చు, ఇక్కడ అవతలి గట్టు లేదు. మామ చెప్పేది జి2 మీద ఏదో బలి ఇచ్చానని, కానీ ఏ పావుతో అన్నది చెప్పిన ప్రతిసారీ మారుతోంది. ఊహించి రాస్తే అది ఆయన ఆట అవదు, నా ఆట అవుతుంది.

పీజీఎన్

లిచెస్ అనే చెస్ వెబ్‌సైటులో ఒక స్టడీ (ఆటలు దాచుకునే పేజీ) తెరిచి ఎత్తులన్నీ ఎక్కించాను. పీజీఎన్ అనేది 1993లో స్టీవెన్ ఎడ్వర్డ్స్ తయారుచేసిన పద్ధతి, పైన ఏడు వివరాలు ఉండాలి, టోర్నమెంటు, ఊరు, తేదీ, రౌండు, తెల్ల, నల్ల, ఫలితం. తెలియని చోట ప్రశ్నార్థకం పెట్టమని ఆ పద్ధతే చెప్తుంది. అది నాకు చాలా నచ్చిన విషయం. ఊరు ఒంగోలు అని రాశాను, తేదీ గడిలో అన్నీ ప్రశ్నార్థకాలే, రౌండు కూడా అంతే.

15 నుంచి 17 దాకా బంటు ముందు కొట్టిన క్రమాన్ని పెట్టి, మీసాల బ్రాకెట్లలో వ్యాఖ్య రాశాను: ఈ మూడు ఎత్తులు షీటులో లేవు, ఏనుగు ఎఫ్7, గుర్రం బి5 రుజువైనవి, మిగతావి ఆట నడక బట్టి పెట్టినవి, క్రమం తేలలేదు. 26 దగ్గర ఆపి, ఫలితం నల్ల గెలుపు, కారణం టైమ్ అని పెట్టాను. చూసేవాడికి ఏది కాగితం మీద ఉన్నది, ఏది మేం కట్టింది అన్నది తేడా తెలియాలి. పాత ఆటలు ఎక్కించేవాళ్ళు దయచేసి ఈ తేడా చూపించండి.

తర్వాత

ట్రంకు పెట్టెలో తర్వాతి షీటు పీ-కే4, పీ-క్యూబీ3 అని మొదలవుతోంది, కారో కాన్ అనే ఓపెనింగ్. మామ ఇందులో తెల్ల. చెదలు లేవు, తడి మాత్రం ఎక్కువ, రెండు కాగితాలు అతుక్కుపోయి ఉన్నాయి, వాటిని విడదీసే పని ఎవరైనా చేతిపనిగా తెలిసినవాళ్ళకి అప్పగించాలి. ఈసారి ఫొటో కాకుండా 600 డీపీఐలో స్కాన్ చేయిస్తాను. మీ ఇళ్ళల్లో ఒంగోలు, నెల్లూరు, కావలి, కందుకూరు వైపు ఆడిన పాత షీట్లు ఉంటే పారేయకండి, లామినేషన్ మాత్రం అస్సలు చేయించకండి. ఫొటో తీసి పంపినా చాలు, పాత రాత అయితే చదివి పెడతాను.